నా ఇంగ్లండు బండి, శాస్త్రిగారి ప్రయాణం

పెళ్ళికి బయలుదేరి శుభలేఖ మరిచిపోయినవాళ్ళున్నారు, పట్టుబట్టలు మరిచిపోయినవాళ్ళున్నారు. పురోహితుణ్ణే దారిలో మరిచిపోయిన ఘనుడు మాత్రం, నాకు తెలిసినంతవరకూ, మా జిల్లా మొత్తమ్మీద నేనొక్కణ్ణే. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ముందు చెమట పడుతుంది, ఆ తరువాతే నవ్వొస్తుంది.

అరవైల చివరి మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలిలో చిన్న ఎరువుల కొట్టు, దాని ముందు నాకంటే రెండేళ్ళు పెద్దదైన ఇంగ్లండు మోటారు సైకిలు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తాళంచెవి అనేదే లేదు, అక్కర్లేదు కూడా. హాండిలు మీద చిన్న మీట ఒకటి ఉండేది. దాన్ని సరిగ్గా జరపకుండా కిక్కు కొట్టామా, మనం తన్నినదానికి రెండింతలు అది మనల్ని తన్నేది. దొంగ ఎవడైనా వచ్చి ఉంటే కుంటుకుంటూ పోయేవాడు. పైగా వేడెక్కాక ఆగిపోతే ఇక కిక్కుకి లొంగదు, తోయాల్సిందే. అందుకని నేను పాటించే మతం ఒక్కటే: రాజుకున్న ఇంజను ఆపరాదు.

రేపల్లెలో మా అక్క కూతురు సరోజ పెళ్ళి వచ్చింది. పొద్దున పదీ ఇరవైకి ముహూర్తం. అక్కకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసిన మేనమామను నేనే. తీరా ముందురోజు వాళ్ళ పురోహితుడికి జ్వరం తగిలింది. అసలే లగ్గాల రోజులు, ఇంకొకరు దొరకరు. చివరికి బాపట్లలో ఒక శాస్త్రిగారు, పొద్దున్నే వచ్చి తీసుకెళితే వస్తానన్నారు.

"టాక్సీ పంపుదాం" అన్నాడు బావ.

"టాక్సీ ఎందుకు బావా, నా బండి లేదూ? తెచ్చి నీ ముందు దింపుతాగా!"

"ఒరేయ్, అది నిన్నే సరిగ్గా మోయదు. ఆయన్నేం మోస్తుందిరా?" అంది అక్క.

నేను వింటేనా? మగపెళ్ళివారంతా చూస్తుండగా పందిరి ముందు దడదడలాడిస్తూ దిగాలని నా సరదా. తీరింది లెండి.

శాస్త్రిగారు బక్కపలచని ముసలాయన. తన గుడ్డసంచిని వెనక సీటు కడ్డీకి కట్టించి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"నాయనా, ఇది క్షేమంగా చేరుస్తుందా?"

"విమానమే అనుకోండి."

"నా భయమూ అదే" అన్నారు.

చెరుకుపల్లి దాటేదాకా నిజంగా విమానమే. దాటాక, రోడ్డుకి అడ్డంగా ఒకాయన బాతుల మందను తోలుతున్నాడు. వందల బాతులు, ఒక్కదానికీ తొందర లేదు. నేను బండి నెమ్మది చేశానో లేదో ఇంజను టప్పున ఆగింది. పది కిక్కులు కొట్టాను. బదులుగా అది నాకు రెండు కొట్టింది.

మన డెల్టాలో పల్లం కావాలంటే కాలవ వంతెన వెతుక్కోవాల్సిందే. దేవుడి దయవల్ల ఒకటి ఎదురుగానే ఉంది. ఇద్దరం బండిని దాని మీదికి తోశాం.

"శాస్త్రిగారూ, నేను దొర్లిస్తాను. మీరు ఒక్క తోపు తోసి, రాజుకోగానే ఎక్కేయండి."

"కదిలే బండి ఎక్కడం నాకు చాతకాదు నాయనా."

"ఎగిరి కూర్చోవడమేనండీ!"

ఆయన తోశారు. బండి దొర్లింది. కింద గతుకులో పడి దడేల్మని రాజుకుంది. అదే సమయానికి వెనక ఏదో ధబ్బుమంది. అది సీటు మీదికి ఎగిరిపడ్డ సంచి అని నాకేం తెలుసు? శాస్త్రిగారే ఎగిరి కూర్చున్నారనుకుని, ఈ వయసులో ఎంత చురుకు అని మెచ్చుకుని, గేరు మార్చాను.

ఇక అక్కణ్ణించి ఎనిమిది మైళ్ళు ఆయనతో కబుర్లే. బండి గొప్పలన్నీ చెప్పాను. నా జాతకంలో పెళ్ళెప్పుడుందో అడిగాను. తెనాలిలో ఒకమ్మాయి మీద మనసుందని, ఇంట్లో కూడా చెప్పని సంగతి ఆయనకి చెప్పేశాను. ఆయన కిమ్మనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ మౌనం పూర్తి గైర్హాజరు!

తొమ్మిదింబావుకి పందిరి ముందు ఆగాను. మగపెళ్ళివారు లేచి చూశారు. నేను ముందుకు వంగి, దర్జాగా, "దిగండి శాస్త్రిగారూ" అన్నాను.

"ఎవర్నిరా దిగమంటున్నావ్?" అంది అక్క.

వెనక్కి తిరిగాను. సంచి ఉంది.

"ఉన్నారక్కా... ఇందాకటిదాకా ఉన్నారు!"

అక్క ముఖం పాలిపోయింది. గొప్పకు పోయి ఆ పిల్ల పెళ్ళి చెడగొట్టానా అనిపించింది. ఇంజను ఎలాగూ ఆపలేదు, ఉన్నపళాన వెనక్కి తిప్పాను.

దారిలో రేపల్లె బస్సు ఎదురొచ్చింది. కిటికీలోంచి ఎవరో రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నారు. నా బండి చూసి ముచ్చటపడుతున్నారు కాబోలనుకుని, నేనూ చెయ్యి ఊపాను.

వంతెన దగ్గర బాతులాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన మాట వినడానికి మోత తగ్గించేసరికి ఇంజను మళ్ళీ టప్పున ఆగింది.

"శాస్త్రిగారేరన్నా?"

"బస్సెక్కించానండి. మీకెదురు రాలేదాండి?"

"వచ్చారు. చెయ్యి కూడా ఊపాను" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వి, పాపం, బాతులొదిలేసి బండి తోసిపెట్టాడు. నేను మొక్కని దేవుడు లేడు, ఆ ఎనిమిది మైళ్ళూ.

పదింబావు అయింది. మండపంలో శాస్త్రిగారు నింపాదిగా కూర్చుని, "మేనమామగారేరండీ? పెళ్ళికూతుర్ని తీసుకురండి" అని మూడోసారి కేకేస్తున్నారు. లోపల సరోజ బుట్టలో కూర్చుని ఉంది. అక్క గుమ్మంలో ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది. అందరూ ఉన్నారు, ముహూర్తం మించలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ బండి ఇంజనుని నా చేత్తో నేను సంతోషంగా ఆపింది ఆ ఒక్కసారే.

"రా నాయనా, రా" అన్నారు శాస్త్రిగారు. "మనసు పడ్డ అమ్మాయి దగ్గరికి వెళ్ళినంత తొందరగా వచ్చావే!"

ఆయనకెలా తెలిసింది? తరువాత తెలిసింది, ఆయన ఊరికే అన్నారట. నేను తెల్లముఖం వేయడంతో మా వాళ్ళు మిగతాది కూపీ లాగారు.

నూనె చేతులు తుండుకి తుడుచుకుని బుట్ట ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్క మా చిన్నాన్న కొడుకు పట్టాడు. ఎత్తి నాలుగడుగులు వేశామో లేదో, సిగ్గుతో తల వంచుకోవలసిన పెళ్ళికూతురు నా చెవి దగ్గర మెల్లగా అంది:

"మామయ్యా, కాస్త మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండు. నేను బుట్టలో ఉన్నానో లేదో."

ఆ హోమగుండం సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా వెనక కూర్చునేది పురోహితుడైనా, పోలీసువాడైనా, కట్టుకున్న భార్యే అయినా, నోరు తెరిచి "ఉన్నాను" అని మూడుసార్లు చెబితే తప్ప బండి అంగుళం కదపను. ఇంజను ఆగిపోతే పోనీ, తోసుకుంటాను.