బాక్‌స్టర్ వారి భట్టీ

పోయిన వారం మా మనవరాలు నన్ను ఆటో ఎక్కించుకుని బెంజ్ సర్కిల్ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడొక చిన్న షాపు అద్దెకు తీసుకుంది, రొట్టెలూ కేకులూ అమ్మడానికి. గోడలకు రంగు వేశారు, అద్దాల బీరువా వచ్చింది, కరెంటు ఓవెన్ వచ్చింది. గుమ్మం మీద బోర్డు మాత్రం ఇంకా ఖాళీ రేకే. పెయింటరు నిచ్చెన మీద కూర్చుని, "ఏం పేరు రాయాలో తేల్చండమ్మా, ఎండెక్కుతోంది" అన్నాడు. మా పిల్ల నా వంక చూసింది. "బాక్‌స్టర్ అని రాయించాలనుంది అమ్మమ్మా. కానీ నేను కూతురి కూతుర్ని. పెద్దతాతయ్య ఊరుకుంటాడంటావా?" అంది. పెద్దతాతయ్యంటే మా బావగారు, మా ఆయనకు అన్నగారు. ఆ పేరున్న బోర్డు ఒకప్పుడు నా కళ్ళ ముందే మేకులు ఊడదీయించి పట్టుకుపోయింది ఆయనే. అది చెప్పాలంటే మా అత్తగారి ఊరు పామర్రు దాకా వెనక్కి పోవాలి.

నాకు వచ్చిన చదువు సంతకం వరకే. అయినా ఆ పేరు కథ మాత్రం నోటికొచ్చు, మా అత్తగారు పిండి పిసుకుతూ చెబుతుండేది గనుక. మా ఆయన ముత్తాత, కాలవల పని చూసే ఒక దొర బంగళాలో వంటవాడు. ఆ దొరది స్కాట్లండు. ఇంగ్లండు దొర అని ఎవరైనా అంటే ఆ పూట భోజనం మానేసేవాడట. ఇంటిపేరు బాక్‌స్టర్. దొరసానికి మన అన్నం సయించక, పెరట్లో ఇటుకలతో భట్టీ కట్టించుకుని, గౌను చేతులు పైకి మడుచుకుని తానే రొట్టె కాల్చుకునేది. ఆమె దగ్గరే మా వాళ్ళు పని నేర్చింది. వాళ్ళు ఓడెక్కి పోయాక ముత్తాత బాప్తిస్మం తీసుకుని, ఆ పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. 'దొర తన టోపీ కూడా ఇచ్చిపోయాడా' అని ఊళ్ళోవాళ్ళు నవ్వారట. తర్వాత మా ఇంట్లో మగవాళ్ళు 'దొర ఇచ్చిన పేరు' అని మీసం మెలేస్తూ చెప్పుకునేవాళ్ళు. మా అత్తగారు మాత్రం, "దొర ఏనాడన్నా పిండి ముట్టుకున్నాడా?" అని గొణుక్కునేది.

పామర్రులో మా భట్టీ కూడా ఆ దొరసాని పద్ధతిలో కట్టిందే. తుమ్మకట్టెలతో మంట వేసి, ఇటుక తెల్లబడేదాకా కాల్చి, నిప్పులన్నీ బయటికి లాగేసి, తడి గోనెపట్టాతో లోపల తుడవాలి. రొట్టె పెట్టేది ఆ తర్వాతే. కాపురానికి వచ్చిన కొత్తలో నేను మంట మండుతుండగానే పెట్టేశాను. పైన మసి, లోపల పచ్చిపిండి. "వండేది నిప్పు కాదే పిల్లా, ఇటుక" అని అత్తగారు నవ్వింది. ఇక క్రిస్మస్ వచ్చిందంటే సంఘంలో ఆడవాళ్ళందరూ ఎవరి కేకు పిండి వాళ్ళు ఇంట్లో కలుపుకుని, రేకు పళ్ళేల్లో పోసుకుని మా భట్టీకి తెచ్చేవాళ్ళు. ఎవరి గుర్తు వాళ్ళది. ఒకావిడ జీడిపప్పుతో సిలువ పెట్టేది, ఒకావిడ పళ్ళెం చెవికి ఎర్రదారం కట్టేది. ఒకసారి రెండు పళ్ళేలు తారుమారైతే ఆ రెండిళ్ళకూ ఈస్టరు దాకా మాటల్లేవు. అన్నిటికన్నా ముందు పాస్టరమ్మగారి పళ్ళెం లోపలికి వెళ్ళాలి. అది ఆనవాయితీ.

మా ఆయన్ను ప్రభువు పిలుచుకున్న ఏడాది, జ్ఞాపకార్థ కూడిక అయిపోగానే బావగారు వచ్చారు. ఆయనకు బస్టాండు దగ్గర వేరే బేకరీ ఉంది. "చూడమ్మా, పేరనేది మగపిల్లల్ని బట్టి నడుస్తుంది. నీకున్నది ఒక్క ఆడపిల్ల. ఆడకూతురివి నువ్వు భట్టీ ముందు నిలబడితే మన పేరుకు మర్యాదగా ఉండదు" అన్నారు. "బోర్డు మీరు తీసుకుపోండి బావగారూ. భట్టీ మాత్రం కదలదు" అన్నాను. అనేశాను గానీ, లెక్క నాకు తెలుసు. ఆ క్రిస్మస్‌కు పళ్ళేలు రాకపోతే భట్టీ మూసేసి, బిడ్డను తీసుకుని పుట్టింటికి పోవడమే.

పండగ ముందు రోజు తెల్లారగానే మంట వేశాను. ఇటుక తెల్లబడింది. నిప్పులు లాగేశాను, పట్టా తిప్పాను. సందులో ఒక్క మనిషి లేదు. పళ్ళేలు పట్టుకుని అందరూ రోడ్డు మొగలో నిలబడ్డారు. పాస్టరమ్మగారు మా సందులోకి తిరుగుతుందా, బస్టాండు వైపు పోతుందా అని చూస్తున్నారు. ఆవిడేమో రాదు. ఇక్కడ ఇటుక వేడి తగ్గిపోతోంది. పొద్దు బాగా ఎక్కాక, పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని, రొప్పుకుంటూ మా సందులోకే వచ్చింది.

"ఏం చేయను, మా పాస్టరుగారు ప్రసంగం రాసుకుంటూ ఎండుద్రాక్షంతా తినేశారు. మళ్ళీ తెప్పించేసరికి ఈ వేళైంది" అని గోడకేసి చూసింది. "బోర్డేదమ్మా?"

"బావగారు తీసుకుపోయారండి."

"పోనీలే. నేను తినేది కేకు, బోర్డు కాదు. ఇటుక కాలిందా లేదా, అది చెప్పు" అంది.

ఆవిడ వెనకాలే సందంతా నిండిపోయింది. సాయంత్రం దాకా నాకు నడుం వాల్చే తీరిక లేదు. అందరూ వెళ్ళాక మా తోటికోడలు, బావగారి భార్యే, పైటచెంగు కింద పళ్ళెం దాచుకుని వచ్చింది. "ఆయనతో అనకే. మా దాంట్లో అడుగు మాడుతోంది" అంది.

ఇదంతా విని మా మనవరాలు ఫోను తీసింది. "అమ్మమ్మా, ఆ పేరు అసలు దొరవాళ్ళకు ఎలా వచ్చిందో నీకు ఎవరూ చెప్పలేదా? వాళ్ళ దేశంలో పూర్వం రొట్టెలు కాల్చే ఆడవాళ్ళను బాక్‌స్టర్ అనేవాళ్ళట. చేసే పనే పేరైంది. మగవాళ్ళకూ ఇంటిపేరైంది ఆ తర్వాతే" అంది. అంటే ఆ పేరు మోసుకుంటూ అన్నేళ్ళు భట్టీ ముందు నిలబడ్డ మా అత్తగారూ నేనూ, అడగకుండానే దాని సొంతదారులం. నడుం నొప్పి కూడా మర్చిపోయి నిటారుగా నిలబడ్డాను.

అయినా పెద్దవాడు, అడగడం మర్యాద అని మా పిల్లచేత బావగారికి ఫోను చేయించాను. ఆయన బేకరీ మూతపడి చాలా కాలమైంది. విషయం విని, మా పిల్లతో మా తోటికోడలి మాటే ఎత్తారు. "మీ పెద్దమ్మమ్మ పళ్ళెం ఎక్కడ కాల్పించుకొచ్చేదో నాకు తెలుసులే అమ్మా. ఆ కేకు నేనూ తిన్నవాణ్ణేగా. రాయించుకోండి" అన్నారు.

"రాయి బాబూ, పెద్ద అక్షరాలు. రోడ్డు అవతలి వాళ్ళకు కనపడాలి" అన్నాను పెయింటరుతో. అతను మొదటి అక్షరం దిద్దుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏ దేశంలో ఏ ఆడమనిషి వేసిన మంటో అది. ఆమె పోయింది, దొరసాని పోయింది, అత్తగారూ పోయింది. నిప్పు లాగేసి ఎన్ని తరాలైనా, ఇటుకలో వేడి మాత్రం ఇంకో రొట్టెకు సరిపడా మిగిలే ఉంది.