ఎర్ర సంచి వెనకాల

ఆ రోజుల్లో ప్రాణం కంటే పరువే ఎక్కువనుకునేవాణ్ణి. ఆ పరువు కూడా ఎక్కడుందయ్యా అంటే, నా ముక్కు మీద. కోస్తాలో మా ఊరి బడిలో పదేళ్ళపాటు నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ 'సోడాబుడ్డి'నే. అందుకే డిప్లొమా పూర్తిచేసి, ఉప్పల్‌లో గది తీసుకుని, నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపులో ట్రైనీగా చేరిన రోజే కళ్ళజోడు తీసి నా టిఫిన్ సంచి అడుగున పడేశాను. కొత్త ఊరు, కొత్త మనుషులు. ఇక్కడ నా చరిత్ర ఎవడికి తెలుసు? (కళ్ళజోడు లేకపోతే నేను అందగాణ్ణని మా అమ్మ ఒకసారి అంది. అమ్మలు అలాగే అంటారని అప్పటికి తెలియదు.)

దగ్గరివి బాగానే కనబడేవి కనుక పనిలో కొలతలకు ఇబ్బంది లేదు. చిక్కల్లా ఉప్పల్ చౌరస్తాలోనే. పొగలోంచి వచ్చే ప్రతి బస్సూ నాకు ఒకటే బస్సు; బోర్డు చదవాలంటే వెళ్ళి దాని కింద పడాలి. పోనీ ఎవరినైనా అడగొచ్చుగా? అమ్మో, ఇంత చదువుకుని బోర్డు చదవడం రాదనుకోరూ! అప్పుడు దొరికాడు ఎర్ర సంచి మామ. భుజాన ఎప్పుడూ ఓ ఎర్ర సంచి, నాచారంలో ఏదో గోడౌన్‌కు వాచ్‌మన్. ఆయనకు అక్షరం ముక్క రాదు, ఆ సంగతి దాచుకోవడమూ రాదు. "నాకు సదువు రాదు బిడ్డా, గీ బస్సు యాడికి వోతది? జర సెప్పు" అని కనబడిన ప్రతివాళ్ళనూ అడిగేవాడు. నేను పక్కనే, అసలు బస్సుల మీద ఆసక్తే లేనట్టు నిలబడి, జవాబు విని, ఆ ఎర్ర సంచి వెనకాల ఎక్కేసేవాణ్ణి. ఆర్నెల్లు ఇలాగే గడిపాను. ఇంత తెలివి చదువు మీద పెట్టి ఉంటే ఏమయ్యేవాణ్ణో!

ఒక సాయంత్రం ఓనర్ సార్ పిలిచి, "రేపు తొమ్మిదింటికి నా క్యాబిన్‌కు రా. నిన్ను పర్మినెంట్ జేసుడా, ఇంటికి పంపుడా తేల్చేద్దాం" అన్నాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పరుగున చౌరస్తా చేరేసరికి ఎర్ర సంచి అప్పటికే బస్సెక్కుతోంది. నేనూ ఎగిరి ఎక్కాను. ఎంతకీ నాచారం రాదు. ఇళ్ళు పలచబడి పొలాలు మొదలయ్యాక మామ వెనక్కి తిరిగాడు.

"ఏంది తమ్మీ, ఇయ్యాల నాతోని పెండ్లికి గూడ వస్తున్నవా?"

"పెళ్ళేంటండీ? ఇది నాచారం బస్సు కాదా?"

"ఘట్‌కేసర్‌కు వోతది. ఆడ మా సుట్టాలింట్ల లగ్గం. ఆర్నెల్ల సంది సూస్తున్న, నా ఎన్కనే ఎక్కుతవ్. ఏంది కథ?"

నాకు ఏడుపొచ్చినంత పనయింది. నా టిఫిన్ సంచి అడుగునున్న కళ్ళజోడు తీసి చూపించి, 'సోడాబుడ్డి'తో సహా అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు, విసుక్కున్నాడు. "నాకంటే సదువు రాదు, అడుగుత. నీకు సదువుండె, అద్దాలుండె, నోరుండె. మూడుండంగ గీ తిప్పలేంది? పెట్టుకో ముందుగాల!" అని కండక్టర్‌ను కేకేసి బస్సు ఆపించి మరీ దింపాడు.

పదకొండింటికి కళ్ళజోడుతోనే క్యాబిన్‌లో నిలబడ్డాను. దారి పొడవునా ఒక మంచి అబద్ధం తయారుచేసుకున్నాను గానీ, అద్దాల్లోంచి సార్ మొహంలోని కోపం మరీ స్పష్టంగా కనబడేసరికి నిజమే బయటికొచ్చింది. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు.

"అంటే, చౌరస్తల నేను చెయ్యి ఊపితే ముఖం తిప్పుకొని పోయినవ్..."

"కనబడలేదు సార్."

"చాయ్ హోటల్ కాడ?"

"అక్కడ కూడా సార్."

ఆయన తల పట్టుకున్నాడు. "అరె, నీకు మస్తు పొగరనుకున్న గదరా! తీసేద్దామనే పిలిచిన. రేపటి సంది అద్దాల్లేకుండ వస్తే గేటు కాడికెల్లే వాపస్ పంపుత, పో, పని సూస్కో!"

అలా పర్మినెంట్ అయ్యాను. వారంలోపే వర్క్‌షాపులో అంతా నన్ను 'సోడాబుడ్డి' అన్నారు. పిలిస్తే పలికాను, అంతే. దీనికోసమా ఆర్నెల్లు గుడ్డివాడిలా బతికాను అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇప్పుడు అద్దాలు ఇంకా మందమయ్యాయి. ఉప్పల్‌లో బస్సు మలుపు తిరగకముందే బోర్డు చదివేస్తాను. అయినా అది వచ్చి ఆగగానే, "బాబూ, ఇది ఎక్కడికి పోతుంది?" అని నలుగురికీ వినబడేలా గట్టిగా అడుగుతాను. "కళ్ళజోడు ఉందిగా, ఆ అరుపులేమిటి?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఏం చేయను? ఏమీ పట్టనట్టు నిలబడి, చెవులు మాత్రం ఇటు పడేసిన నాలాంటివాడు ఆ గుంపులో ఒకడైనా ఉంటాడు.