ఏకగ్రీవంగా గెలిచిన దొర

నా చిన్నప్పుడు పెర్త్‌లో మా బడికి ఒక ఇంగ్లీషు దొర పేరు ఉండేది. రెండు వందల ఏళ్ళ కిందటి భూస్వామి, లండన్ పార్లమెంటులో మెంబరు. ఆస్ట్రేలియా మొహం ఎన్నడూ చూసి ఎరగడు. అయినా ఏటా బహుమతుల రోజున ఒక పిల్ల వేదికెక్కి ఆయన జీవితాన్ని పొగడాలి. ఆ ఏడు ఆ అవకాశం నాకొచ్చింది. మా రంగు పిల్లకు ఇవ్వడం అదే మొదలు కాబట్టి నా కాలు నేల మీద నిలవలేదు.

ఆయనకు ఎన్ని ఊళ్ళుండేవో, వేటకుక్కలను ఎంత ముద్దు చేసేవాడో, కౌలుదార్లు ఆయన్ని ప్రతిసారీ ఎలా ఏకగ్రీవంగా ఎన్నుకునేవారో రాసుకుని మా మేనత్తకు చదివి వినిపించాను. ఆవిడ గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై వచ్చి, మా ఇంట్లోనే ఉండేది.

ఆ సాయంత్రం పిల్లలందరినీ పిలిచి, ఆదివారం బీచికి పోదామా, తనతో ప్రార్థన కూటానికి వస్తారా అని అడిగింది. ఒళ్ళో జంతికల పళ్ళెం ఉంది. కూటానికి వచ్చేవాళ్ళు చేతులెత్తండంటూ మా మొహాల్లోకీ పళ్ళెంలోకీ మార్చి మార్చి చూసింది. అందరం ఎత్తాం. మా తమ్ముడైతే రెండు చేతులూ ఎత్తాడు. ఏకగ్రీవం అని ప్రకటించింది అత్తయ్య.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది మోసమని గొడవపెట్టాను.

"మీ దొర గెలిచిందీ ఇట్టాగేనే. అప్పట్లో ఓటు అందరి ముందూ పైకి చెప్పాల. పొలం ఆయనది, ఉండే కొంప ఆయనది. ఇంక ఎదురు నిలబడేదెవరు? కాదన్నోడు మర్నాడు ఎక్కడ పడుకుంటాడు?"

తర్వాత ఎక్కడికో రాయమని చీటీలు పంచి, తను గోడవైపు తిరిగి కూర్చుంది. విప్పి చూస్తే అన్నిట్లోనూ బీచే.

అత్తయ్య మాట నా ప్రసంగం చివర చేర్చాను. టీచరు దాన్ని కొట్టేసి, పండగపూట అనవలసిన మాట కాదంది. అది లేకపోతే చదవనన్నాను. దొరను ఇంకో పిల్ల పొగిడింది, నేను కింద కూర్చుని చప్పట్లు కొట్టలేదు. నాన్న తలవంపులు తెచ్చానన్నాడు. అత్తయ్య మాత్రం జంతికల డబ్బాకి డబ్బా నా చేతికిచ్చింది.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ నాకు లేదు. దొరలు పోయారు గానీ ఏకగ్రీవం పోలేదు. మొన్న పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో మా తెలుగు సంఘం మీటింగు జరిగింది. సగంమందికి ఉద్యోగాలిచ్చిన పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని, మెడ తిప్పి వెనక అందరినీ చూస్తున్నాడు. ప్రెసిడెంటుగా అంకుల్‌నే కంటిన్యూ చేద్దాం, హ్యాండ్స్ రెయిజ్ చేయండి అన్నాడు సెక్రటరీ. చేతులు లేస్తున్నాయి. నేను మనిషినే లేచాను.

"ఆంటీ, ఇప్పుడెందుకు ఇష్యూ? ఎవ్రీవన్ హ్యాపీయే కదా."

హ్యాపీయో కాదో ఆ సెక్రటరీకెలా తెలుసు? నా హ్యాండ్‌బ్యాగులో కత్తిరించిన తెల్ల చీటీలు ఎప్పుడూ ఉంటాయి. వరసలవెంట పంచుకుంటూ వచ్చి, చివరి చీటీ ఆ పెద్దమనిషికిచ్చి, గోడవైపు తిరిగి కూర్చోమన్నాను.