దుర్యోధనుడి కేక

నా చిన్నప్పుడు, చిత్తూరు దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే భారతం ఆడేవారు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. ధర్మరాజుల గుడి ముందు మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మను పడుకోబెట్టేవారు. వేషాలు కట్టిన భీముడూ దుర్యోధనుడూ ఆ బొమ్మ మీదికెక్కి గదలతో కొట్టుకునేవారు. తొడ విరిగేదాకా ఊరంతా చంటిపిల్లలతో సహా కూర్చుని చూసేది. దుర్యోధనుడి ప్రతి మూలుగుకూ హాస్యగాడు ఒక వెక్కిరింత తగిలించేవాడు. నెత్తురూ నవ్వూ ఒకేచోట చూడటం మాకు కొత్త కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న తిరుపతిలో సినిమా మధ్యలో ఆరేళ్ళ మనవరాలిని ఎత్తుకుని బయటికొచ్చేసినందుకు మా ఇంట్లోవాళ్ళు నన్ను చాదస్తుడంటున్నారు.

మా తాతకు దేవుడి మీద నమ్మకం లేదు. వధకు మాత్రం తప్పకుండా వచ్చేవాడు. ఒక యేడు నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆట మంచి పట్టులో ఉండగా భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పేశాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఆట యాడికీ పోదు లేరా అబ్బోడా. వచ్చే యేడు గూడా ఇదే భీముడు, ఇదే తొడ. సూసేవోళ్ళను సూడు" అన్నాడు.

"వాళ్ళనేం సూసేది తాతా? రోజూ సూసే మొగాలే గదా!"

"ఈ మొగాలు రోజూ సూసేటివి కావు. సూడు."

ఉక్రోషంతోనే చూశాను. కోడిపిల్ల చచ్చినా కళ్ళనీళ్ళు పెట్టుకునే పక్కింటి అవ్వ "ఇంకోటెయ్ భీమా!" అని ఊగిపోతోంది. నా వీపు వెనక దుర్యోధనుడు కేక పెట్టాడు. హాస్యగాడు ఆ కేకను అచ్చం అలాగే అరిచి చూపించాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. మళ్ళీ కేక, మళ్ళీ నవ్వు. అన్ని మొహాల్లో ఒక్క మొహం మాత్రం నవ్వలేదు. అది దుర్యోధన వేషగాడి భార్యది. నేను తాత చెయ్యి లాగి ఆమెను చూపించేసరికే ఆమె లేచి నిలబడింది.

"అది ఆట కాదు సామీ! మా ఇంటాయన నిజింగానే అరస్తా ఉండాడు, నిలపండి!"

"గాంధారి అప్పుడే వచ్చేసిందప్పో!" అన్నారెవరో. దానికీ నవ్వారు.

తాత చేతికర్ర ఎత్తుకుని బరిలోకి నడిచి మద్దెల ఆపించాడు. మట్టి మీద కాలు జారి, వేషగాడికి మోకాలి కింద ఎముక విరిగింది. ముఖానికున్న రంగైనా కడగకుండా, విరిగిన ఎముకల వైద్యానికి పేరుపడ్డ పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఊళ్ళో ఎవరూ చెడ్డవాళ్ళు కారనీ, పొద్దున్నుంచి కేకకు నవ్వీ నవ్వీ నిజం కేకను గుర్తుపట్టలేకపోయారనీ తాత ఆ సాయంత్రం నాకు చెప్పాడు. ఈ కథ నా మనవరాలికి ఎన్నోసార్లు చెప్పాను.

మొన్నటి సినిమా పోస్టరు మీద 'కుటుంబమంతా కలిసి నవ్వుకోండి' అని ఉంది. నలుగురు దొంగలు, ఒక శవం, దాన్ని దాచడానికి వాళ్ళు పడే తిప్పలు. చమత్కారం లేకపోలేదు, నేనూ నవ్వాను. తర్వాత ఒక ముసలి కాపలాదారుణ్ణి కుర్చీకి కట్టేసి వేలు నరికారు. హాలు హోరెత్తింది. పాత అలవాటు కొద్దీ నేను తెర వదిలి పక్కకు తిరిగాను. మనవరాలి మొహం ముడుచుకుపోయి ఉంది. అది వాళ్ళ నాయన వైపు చూసింది. వాడు పగలబడి నవ్వుతున్నాడు. పిల్ల ఒక్క క్షణం తటపటాయించి తనూ నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయి, పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాను. నెత్తురు చూపించొద్దని నేననను. సెన్సారు కత్తెరకు నేను జీవితమంతా ఎదురు నిలిచినవాణ్ణే. పెద్దవాళ్ళు ఆ సినిమా చూసి, ఇంటికొచ్చాక 'మనం దేనికి నవ్వాం?' అని కొంచెం సిగ్గుపడితే దాని పని అది చేసినట్టే. ఆ సిగ్గు ఆరేళ్ళ పిల్లకు ఎక్కడినుంచి వస్తుంది? దానికి నవ్వొక్కటే అందుతుంది, అదీ తండ్రి మొహం చూసి నేర్చుకున్న నవ్వు. తెర మీద ముద్దు కనబడితే పిల్లల కళ్ళు మూసే తండ్రులు, వేలు తెగుతుంటే పాప్‌కార్న్ అందిస్తారు! ఆ సినిమాను కుటుంబం నెత్తిన రుద్దే వ్యాపారికి లేకపోతే పోయె, కన్నవాళ్ళకైనా ఉండొద్దా ఇంగితం?

"జోకే గదా నాయనా, నువ్వు మరీ..." అంటూ మా అబ్బాయి వెంటపడి వచ్చాడు. వాడికి జవాబు చెప్పబోతుంటే నా భుజం మీద తల వాల్చిన పిల్ల మెల్లగా అడిగింది:

"తాతా, ఆ తాతను పుత్తూరుకు తీసకపోయినారా?"

మా అబ్బాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. ఈ వయసులోనూ హాల్లో దీపాలు ఆరగానే నా భుజాల మీద మా తాత చేతులు పడతాయి. నేను పక్కకు తిరిగి, ముందు పిల్లల మొహాలు చూస్తాను.