మోతిని డ్యూటీకి పంపిన వదిన

మా వదిన పోయింది. మొన్న పొద్దున ఫైర్ స్టేషన్ ముందు తడి పైపులు ఆరేస్తుంటే లోపల ఫోన్ మోగింది. అవతల ఆమె తమ్ముడు. "అన్నా, అక్క ఇగ లేదు" అన్నాడు. ఏమన్నానో గుర్తు లేదు. బయటికి వచ్చి మళ్లీ పైపు చేతిలోకి తీసుకున్నాను. ఏమైందని పక్కవాళ్లు అడుగుతుంటే పైపు పరుస్తూనే ఉన్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. సిద్దిపేట ఫైర్ స్టేషన్‌లో నేను చేరినప్పుడు మాకు పెద్దదిక్కుగా ఉన్న లీడింగ్ ఫైర్‌మన్‌ను అందరం అన్న అనేవాళ్లం. ఆయన భార్య కాబట్టి ఆమె మాకు వదిన. స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లు. పిల్లలు లేరు. పెళ్లి కాకముందు నేను ఎక్కువగా ఆ ఇంటి అన్నమే తిన్నాను.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం బెజ్జంకి వైపు గుడిసెలు కాలిపోయాయి. మంటలార్పి వస్తూ అన్న ఒక నల్ల కుక్కపిల్లను సంచిలో చుట్టి తెచ్చాడు. ఒక పక్క వెంట్రుకలన్నీ కాలి, తోలు ఊడి వస్తోంది. బతకదన్నాం. వదిన మా మాట వినిపించుకోలేదు. పశువుల దవాఖానకు ఎత్తుకుపోయి మందు తెచ్చింది. మెత్తని పాత చీర చింపి కట్టు కట్టింది. అది పుండు నాకకుండా ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో దాని మూతి పట్టుకుని, ఇంకో చేత్తో బియ్యం ఏరుకునేది. పుండు మానింది కానీ అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదు.

దానికి మోతి అని పేరు పెట్టింది మా బండి నడిపే డ్రైవర్ సాబ్. పేరైతే పెట్టాడు కానీ ముట్టుకునేవాడు కాదు. "నమాజ్ చదివెటోన్ని చెల్లె, కుక్క మూతి తగిల్తే అన్ని కడుక్కోవాలె. దీనితోని నాది దూరం దోస్తాన్" అని వదినతో అంటూ నవ్వేవాడు.

మేం మంటల నుంచి తిరిగొచ్చేసరికి మోతి గేటు దగ్గర ఉండేది. బండి దిగిన ఒక్కొక్కరినీ వాసన చూసేది. చివరికి ఒకరిని ఎంచుకుని, వాళ్ల బూటు మీద దవడ ఆనించి పడుకునేది. ఆ రోజు లోపల ఎక్కువగా చితికిపోయిన మనిషి ఎవరో దానికి ఎలా తెలిసేదో మాకు అంతు పట్టలేదు. ముందుగా కనిపెట్టింది వదినే. చాయ్ కెటిల్ పట్టుకొచ్చి, మోతి ఎవరి దగ్గర పడుకుందో చూసి, మొదటి కప్పు వాళ్లకు పోసేది. ఇప్పుడైతే ఇలాంటి వాటికి ఏదో పేరు ఉండే ఉంటుంది. అప్పుడు మాకు మనసు బాగాలేదని ఒకరితో ఒకరు చెప్పుకునే అలవాటే లేదు.

నా వంతు కూడా వచ్చింది. కాలుతున్న ఇంట్లోంచి ఒక ముసలమ్మను ఎత్తుకొచ్చాను. నా చేతుల్లోనే పోయింది. స్టేషన్‌కు వచ్చి నల్లా దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. మోతి వచ్చి నా బూటు మీద తల పెట్టింది. ఏం మాట్లాడానో తెలియదు కానీ దానితో చాలాసేపు మాట్లాడాను. వదిన చాయ్ పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఏమైందని నువ్వు ఎప్పుడూ అడగవెందుకని తర్వాత ఆమెనే అడిగాను.

"నేనడిగితే మీరు చెప్పరు. అది అడుగది, గందుకే దానికి చెప్తరు" అంది.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. తర్వాత ఒక ఎండాకాలం మద్దూరు దిక్కు ఒక పల్లె నుంచి కబురొచ్చింది. పూడిక తీయడానికి బావిలో దిగిన ఇద్దరు కూలీలు విషవాయువుకు సొమ్మసిల్లిపోయారు. అన్న ముఖానికి తడి తువాలు చుట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మొదటి మనిషిని ఇంకో తాడుకు కట్టి పైకి పంపాడు. అతను బతికాడు. రెండో మనిషికి తాడు కడుతూ కడుతూ అక్కడే ఒరిగిపోయాడు. అన్న నడుము తాడు పట్టుకున్నది డ్రైవర్ సాబ్. అరచేతుల తోలు లేచిపోయేదాకా లాగాడు. పైకి వచ్చేసరికి అన్నలో ప్రాణం లేదు. ఆ రెండో మనిషి కూడా దక్కలేదు.

డ్రైవర్ సాబ్ మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. చేతులకు కట్లతో వరండాలో బెంచీ మీద గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఇంటి నుంచి వచ్చిన అన్నం డబ్బా మూత తీయకుండానే వెనక్కి పోయేది. "జెర ముందుగాల గుంజేదుండె" అనేవాడు, ఆ ఒక్క మాటే. మేమెంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. భర్త పోయిన మనిషికి చెప్పవలసిన సంగతి కాదు, అయినా ఉండబట్టలేక ఒకరోజు వదినకు చెప్పాను.

అన్న దశదినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం వదిన స్టేషన్‌కు వచ్చింది. వెంట మోతి, చేతిలో పాలల్లో నానేసిన జొన్నరొట్టె గిన్నె. మేమంతా లేచి నిలబడ్డాం. ఆమె నేరుగా బెంచీ దగ్గరికి వెళ్లింది.

"భాయ్, మోతి తింటలేదు."

ఆయన తలెత్తలేదు. "నా మొఖం ఎట్ల సూస్తున్నవ్ చెల్లె? తాడు నా చేతులనే ఉండె."

"తాడు నీ చేతుల ఉన్నదనే గద ఆయన దిగిండు" అంది వదిన. "గదంతా ఇప్పుడెందుకు భాయ్. ఇది నా చేత తింటలేదు. నువ్వన్న పెట్టి సూడు."

గిన్నె బెంచీ పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మోతి కూడా కదలలేదు. చివరికి కట్టు కట్టిన చేత్తో రొట్టె ముక్క తీసి దాని మూతికి అందించాడు. అది మెల్లగా నమిలింది. ఇంకో ముక్క పెట్టాడు. తర్వాత అది ఆయన పాదాల మీద దవడ ఆనించింది. అప్పుడు ఏడ్చాడాయన, అన్న పోయినప్పటి నుంచి మొదటిసారి. ఆ రోజు ఆయన అన్నం డబ్బా ఖాళీగా ఇంటికి పోయింది. ఆనాటి నుంచి రొట్టె తేవడం వదిన పని, మోతికి పెట్టడం ఆయన పని. పెట్టాక శుభ్రంగా కడుక్కుని, బట్టలు మార్చుకుని నమాజ్‌కు వెళ్లేవాడు. వానాకాలం మొదలయ్యేసరికి మళ్లీ బండెక్కాడు.

వదినకు ఊళ్లోనే ఒక ఆఫీసులో అటెండర్ పని దొరికింది. పొద్దున పనికి పోతూ మోతిని మా దగ్గర విడిచేది. "డ్యూటీకి తెచ్చిన, హాజరేసుకోన్రి" అనేది. సాయంత్రం వచ్చి తీసుకుపోయేది. ఆదివారం వేపాకు నీళ్లతో స్నానం చేయించి, చెవుల వెనక గోమార్లు ఏరి, పాదాలు తిప్పి తిప్పి చూసేది. ఎవరైనా దానికి మిర్చి బజ్జీ వేస్తే ఊరుకునేది కాదు. "మీ దుఃఖమంతా దాని కడుపులనే పోస్తున్నరు. ఇగ మిర్చిలు గూడనా?" అని తిట్టేది. మేం నవ్వేవాళ్లం. ఆ రోజుల్లో మేం నవ్విన నవ్వులు ఎక్కువగా ఆమె తిట్లకే.

మోతి ముసలిదై, చూపు పోయి, ఒక చలికాలం స్టేషన్‌లోనే కన్నుమూసింది. వదిన వచ్చి దాని ఒళ్లంతా తడిగుడ్డతో తుడిచింది. వెంట్రుకలు మొలవని ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి ఉన్నట్టుండి భోరుమంది. అన్న పోయినప్పుడు కూడా ఆమె మా ముందు అలా ఏడవలేదు. డ్రైవర్ సాబ్ వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆయన పోయిననాడు వీళ్లంతా ఏడుస్తుండిరి భాయ్" అంది ఎక్కిళ్ల మధ్య. "నాకు ఏడ్వనీకె జాగ దొరకలే."

మోతి సాయంత్రాలు ఆ ఇంట్లో ఎవరి పాదాల మీద తల పెట్టుకుని పడుకునేదో మేం ఏనాడూ అడగలేదు.

ఈ మధ్య ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. హైదరాబాద్ దవాఖానలో చూడబోతే మంచం మీద చిన్నపిల్లంత అయిపోయి ఉంది. నన్ను చూడగానే "డ్యూటీల ఎవరున్నరు? తిన్నరా అందరు?" అంది. పాత సంగతులు మాట్లాడుకున్నాం. ఆ రొట్టె గిన్నె మాట వచ్చేసరికి నవ్వింది.

"మోతి నా చేత తినకపోవుడేంది? ఆ రోజు గూడ కడుపునిండ తినే వచ్చింది. భాయ్ తింటలేడని నువ్వే చెప్తివి గద!"

తర్వాత ఆమెను ఇంటికి తీసుకొచ్చారు. ఎక్కువ రోజులు ఉండలేదు.

దహనానికి డ్యూటీ లేనివాళ్లమంతా వెళ్లాం. డ్రైవర్ సాబ్ రిటైరై చాలా కాలమైంది, మోకాళ్లు పట్టేశాయి. కొడుకు భుజం పట్టుకుని వచ్చాడు. అంతా అయ్యాక వదిన ఇంటి అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, దవాఖానలో ఆమె చెప్పిన మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఎరుకే తమ్మీ. దాని కడుపు గట్టిగ ఉండె. ఒక్కొక్క ముక్క మస్తు కష్టంగ మింగింది పాపం." తువాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "చెల్లెకు నాకెరుకైందని చెప్పలే. చెప్తె మల్ల రొట్టె తెస్తదో తేదో అని."

లోపల ఎవరో ఇల్లు కడుగుతున్న చప్పుడు. ఇంతలో స్టేషన్ వైపు నుంచి గంట మోగింది. ఎక్కడో మంట లేచినట్టుంది. బండి సందు మొగదల మీదుగా పోతుంటే నేను లేచి నిలబడ్డాను. డ్రైవర్ సాబ్ లేవలేకపోయాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. చెప్పు లేని ఆయన కుడికాలు బండి యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు మట్టిని మెల్లగా నొక్కుతోంది. గంట చప్పుడు ఊరు దాటిపోయినా ఆ కాలు లేవలేదు.