మిరపకాయ చేతులతో మాట్నీ

డెబ్బైల్లో వచ్చినవే సినిమాలని అమ్మ, తొంభైల్లో వచ్చినవే అని నేను. రెండు వేల సంవత్సరానికి అటూ ఇటూగా, ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నామంటే మాకు ఈ తగువు తప్పేది కాదు. పాటల దగ్గర ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి గానీ, చివరికి అమ్మ ఒకే మాటతో నా నోరు మూయించేది.

"మా రోజుల్లో హాలు హాలంతా ఏడ్చేదిరా. మీ సినిమాలకి ఎవరన్నా ఏడుస్తున్నారా?"

ఒకరోజు తిక్కరేగి అడిగాను. "అసలు మీరు సినిమాకి ఎప్పుడెళ్లేవాళ్లు?"

"కాయ కోతలప్పుడు. చేలోంచి అటునుంచటే వినుకొండ మాట్నీకి."

"చేతులు కడుక్కునేవాళ్లా?"

"ఆట మొదలైపోతుంటే చేతులు కడుక్కుంటూ కూర్చుంటామా?"

నాకు ఎక్కడలేని సంబరం వచ్చింది. "ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటే కామెడీ సినిమాకైనా ఏడుపొస్తుంది. మిమ్మల్ని ఏడిపించింది సినిమా కాదమ్మా, మిరపకాయ" అన్నాను. గెలిచానని ఊరంతా టముకు వేశాను.

ఆ ఆదివారం టీవీలో ఆవిడ కాలం సినిమా వేశారు. తొడిమలు తీస్తున్న వాళ్లం ఇద్దరం లేచాం. అమ్మ పెరట్లోకి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్ది రెండుసార్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. సినిమా సగం కాకముందే ఆవిడ కళ్ల వెంట ధారగా నీళ్లు. ముక్కు ఎగబీలుస్తూనే రెండు అరచేతులూ నా మొహం ముందు పెట్టింది.

"వాసన చూడు."

సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడే అమ్మ నా కళ్లు కూడా చూసింది.

నేను చేతులు కడుక్కోలేదని చెప్పాను.