ఎరుక లేని టీచరు

మరీ పాత సంగతేమీ కాదు గానీ, దాన్ని 'ఆ రోజులు' అనే అనాలి. ఎందుకంటే ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బీఎడ్ అవుతూనే తాండూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. ఉండేది వికారాబాద్‌లో మా చిన్నమ్మ ఇంట్లో, రోజూ పొద్దున రైలు ప్రయాణం. నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామని బడి పెద్దసారు ముందే చెప్పాడు. (ఆ నెల నిండడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.) బుద్ధున్న మనిషైతే ఆ ఆరు రోజులూ నోరు మూసుకుని ఎక్కాలు చెప్పుకునేది. నేను మాత్రం రైల్లో అందరూ పల్లీలు ఒలుచుకుంటుంటే ఆత్మ గురించి ఆలోచించేదాన్ని. అది ముదిరి, ఫోన్‌లో ఒక తత్వచర్చల గ్రూపులో చేరాను.

గ్రూపు నడిపేది గోదావరి వైపు రిటైరైన లెక్చరరు ఒకాయన. కొత్తగా చేరినవాళ్లు తామెవరో, తత్వంలో తమకేది ఇష్టమో రాయాలని ఆయన నియమం. పేరు, ఊరు, ఉద్యోగం అందరూ రాసేవే కదా, అవి రాయడం నాకు నామోషీ అనిపించింది. మూడు రోజులు రైల్లో రాసి, చెరిపి, నాలుగో రోజు ఇలా పెట్టాను: 'నేనెవరో నాకు ఎరుక లేదు. ఎక్కడి నుంచి వచ్చానో, ఎక్కడికి పోతానో ఎరుక లేదు. ఆ ఎరుక కోసమే తిరుగుతున్నాను.' ఆ పెద్దాయన ఎరుక అన్న మాటను ఎంత లోతుగా వాడావమ్మా అని మెచ్చుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ మెప్పు తలకెక్కి, మర్నాడు రైలెక్కగానే ఆ మూడు వాక్యాలకూ కిటికీ పక్కన దిగులుగా కూర్చున్న నా ఫోటో తగిలించి స్టేటస్ పెట్టాను.

మా వైపు ఎరుక లేదంటే తెలియదని అర్థం, అంతకు మించి దానికి లోతూ లేదు, గట్టూ లేదు. బస్సెప్పుడొస్తదో ఎర్క లేదు, ఉప్పు డబ్బా ఏడుందో ఎర్క లేదు. పుట్టినప్పటి నుంచి విన్న మాటను రెండు పుస్తకాలు చదివి మరిచిపోయాను. ఆ స్టేటస్‌ను ఏ పుణ్యాత్ములు పట్టుకున్నారో ఈ రోజుకీ తేలలేదు. రెండో పీరియడ్ అయ్యేసరికి పెద్దసారు పిలిపించి, తన ఫోన్ నా ముందు పెట్టాడు. నా ఫోటో, దాని కింద: 'తాండూర్ బండిల గీ పిల్ల దొరికింది. తానెవరో ఎర్క లేదంటుంది. ఎవరి పిల్లనో, జర అన్ని గ్రూపులల్ల ఎయ్యుండ్రి.'

నాకు ఒళ్లు మండింది. నేను దొరకడమేమిటి? ఎవరికి దొరికాను? ఇది తత్వం సార్ అని మొదలుపెట్టి ఆత్మ, దేహం, ఎరుక అన్నీ బల్ల మీద పరిచాను. ఆయన ఓపికగా విన్నాడు. ఉర్దూ, తెలుగూ కలిసిన నెమ్మదైన గొంతు ఆయనది.

"గదంత మంచిదే మేడమ్. గని పొద్దటిసంది పిల్లల అమ్మానాయినలు ఒకటే ఫోన్లు. లెక్కలు చెప్పే టీచర్‌కు తానెవరో తనకే ఎర్క లేదంటే, నేనేం జవాబు చెప్పాలె?"

ఉద్యోగం పోయినట్టేనని నేను లోపల ఏడుస్తుండగా, తలుపు దగ్గర మా నాయిన కనిపించాడు. ఆ మెసేజ్ మా ఊరు బంట్వారం దాకా పోయిందన్నమాట. కంది చేలోంచి అట్లాగే బస్సెక్కినట్టున్నాడు, కాళ్లకు మట్టి. చేతిలో ప్లాస్టిక్ కవరు. నా వైపు చూడకుండా అందులోంచి నా ఆధార్ జిరాక్సు, పదో తరగతి మెమో, మా రేషన్ కార్డు తీసి వరసగా బల్ల మీద పెట్టాడు.

"సార్, మా బిడ్డ ఎవరో గిండ్ల ఉంది. ఆమెకు ఎర్క లేకున్నా నాకు ఎర్కే."

సిగ్గుతో చచ్చిపోయాను. నాకంతా తెలుసు నాయినా, ఊరికే రాశాను అన్నాను. తెలిస్తే ఎందుకు రాసినవని అడిగాడు. (ఆ లెక్చరరు కూడా ఇంత గట్టి ప్రశ్న వేయలేదు.) చివరికి పెద్దసారు చెబుతుంటే నేనే కాగితం రాసిచ్చాను: 'నేనెవరో నాకు పూర్తిగా తెలుసునని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.' సాక్షిగా నాయిన సంతకం. ఉద్యోగం నిలబడింది. ఎర్క లేని టీచరన్న పేరు కూడా నిలబడింది, దాన్ని ఊడబెరకడం ఎవరి తరమూ కాలేదు.

పోయిన వారం ఇంకో గ్రూపులో పరిచయం రాయమన్నారు. పేరు, బంట్వారం, లెక్కల టీచరు అని రాసి ఊరుకున్నాను. ఎవరూ లోతుందనలేదు. ఇన్నేళ్లలో ఎన్నో కాగితాల మీద సంతకాలు చేశాను, అబద్ధమని తెలిసీ చేసింది ఆ ఒక్కటే. ఆ స్టేటస్ పెట్టిన తిక్కపిల్ల రాసింది మాత్రం నిజం, నేనెవరో నాకు ఇప్పటికీ ఎరుక లేదు. మా నాయిన ఆ కవరు ఇంకా బీరువాలోనే ఉంచాడు. ఎందుకని అడిగితే, మళ్ల అక్కెర పడ్తదేమో అంటాడు.